తరువాయి వచ్చువారము

విద్యావంతులు చులుకనగా జూచు వినోదములలో ధారావాహిక చిత్రములకే అగ్రస్థానము దక్కుచున్నది. నాటకమునకు శాస్త్రము కలదు. నవలకు విమర్శకులు కలరు. సినిమాకును నేడు పండితులు, బహుమతులు, ఉత్సవములు ఏర్పడినవి. కాని వారమునకొక భాగము చొప్పున పండ్రెండు పదునైదు వారములు నడచి, ప్రతి భాగాంతమునను నాయకుని మృత్యుముఖమున నిలిపి, తరువాయి వచ్చువారమని ప్రకటించి తెర ముగించిన ఆ పాత చిత్రములను గూర్చి యెవరేని ప్రస్తావించినయెడల, అవి పిల్లల ఆటలనియు, పామర రంజకములనియు ఒక చిఱునవ్వుతో త్రోసివేయుటయే మర్యాదగా నున్నది. ఈ మర్యాద న్యాయమైనది కాదని మా అభిప్రాయము.

ఆ చిత్రములు మహాకావ్యములని మేము వాదింపము. అవి చవుక సరకని వాటిని తీసినవారే యెఱుంగుదురు. అయినను, కథ చెప్పువానికిని వినువానికిని నడుమ నుండవలసిన ఒక ఒడంబడికను అవి యెచ్చట పాటించెనో, ఎచ్చట తప్పెనో తెలిసికొనుట నేడు మనకు మిక్కిలి యవసరము. ఏలయన, ఆ ఒడంబడికయే ఇప్పుడు మన యిండ్లలో ప్రతి సాయంకాలమును భంగపడుచున్నది.

కథను ఇరకాటమున ఆపి వినువారిని నిలుపుకొను విద్య అమెరికావారు కనిపెట్టినది కాదు. శుకసప్తతి యందలి చిలుక చేసిన పని యిదియే. భర్త దేశాంతరమందుండగా పరపురుషుని కడకు బయలుదేరిన వర్తకుని భార్యను ఆ చిలుక బలముతో నాపలేదు, నీతులు చెప్పియు నాపలేదు. ఒక కథ నారంభించి, అందలి పాత్రకు తప్పించుకొన వీలులేని చిక్కు వచ్చినంతనే, ఇప్పుడు నీవైన నేమి చేయుదువని యడిగి యూరకుండెను. ఆమెకు తోచలేదు, కథ విడిచి పోవుటకును మనసొప్పలేదు, అంతలో తెల్లవాఱెను. హంసవింశతి యందలి హంసయు, విక్రమార్కుని భుజముపై నెక్కిన బేతాళుడును ఆ చిలుక కులమువారే. అరబ్బీ కథలలోని షహరజాదు తన ప్రాణమునే ఈ విద్యకు ఒడ్డి గెలిచెను.

ఇచ్చట నొక భేదమును గుర్తింపవలెను. మన గ్రామములలో పురాణము చెప్పు పౌరాణికుడు అమంగళమైన ఘట్టమున పుస్తకము మూయడు. గజేంద్రుని కాలు మొసలి నోటనుండగా ఆనాటికి చాలించుట యాచారము కాదు. పొద్దుపోయినను, చమురు తఱిగినను, ఆపద గట్టెక్కువరకు చదివి, మంగళము పాడి, శ్రోతలను నిశ్చింతగా నింటికి పంపుట అతని ధర్మము. పాశ్చాత్య ధారావాహిక చిత్రము సరిగా దీనికి తలక్రిందుగా నడచెను. అది మొసలి నోటనే కథ నాపును. శ్రోతకు నిద్ర పట్టనీయకుండుటయే దాని వ్యాపారము. ఈ రెండు పద్ధతులలో ఏది మేలని వెంటనే తీర్పు చెప్పుటకు ముందు రెండవది ఎట్లు పుట్టెనో విచారింతము.

దానికి తల్లి పత్రికాప్రపంచము. 1842, 1843 సంవత్సరములలో యూజీన్ సూ అను ఫ్రెంచి రచయిత తన ప్యారిస్ రహస్యములను నవలను ఒక దినపత్రికలో భాగములుగా ప్రకటించెను. ఇంగ్లండున డికెన్సు 1836 మొదలు తన నవలలను నెలనెలకొక భాగముగా వెలువరించెను. టామస్ హార్డీ 1872, 1873లలో ఒక మాసపత్రికలో ప్రకటించిన నవలయందు ఒక పాత్ర సముద్రపు టొడ్డున కొండ యంచును పట్టుకొని వ్రేలాడు ఘట్టము కలదు. ఇట్టి కథలకు ఇంగ్లీషున వాడుకలోనున్న క్లిఫ్‌హ్యాంగర్ అను పేరునకు ఆ ఘట్టమును ఉదాహరణముగా జెప్పువారు పెక్కుమంది. కొండకొమ్మున వ్రేలాడునది యని దాని యర్థము. ఆ పేరు సినిమావారి నోట వ్యాపించినది మాత్రము 1930 తరువాతనే.

చలనచిత్రములు వచ్చిన పిదప, పత్రికాధిపతులే ఈ విద్యను తెరమీదికి తెచ్చిరి. 1912లో ఎడిసన్ కంపెనీవారు, స్త్రీల మాసపత్రిక యొకదానితో ఒప్పందము చేసికొని, మేరీకి ఏమి జరిగెనను పేరున నెలకొక చిత్రము చొప్పున పండ్రెండు తీసిరి. కథ పత్రికలో చదువవచ్చును. చిత్రమును హాలులో చూడవచ్చును. కాని అందు ఏ భాగమున కా భాగము ముగిసెడిది. 1913 డిసెంబరు చివర, చికాగో ట్రిబ్యూన్ పత్రికయు సెలిగ్ కంపెనీయు కలిసి వెలువరించిన కాథ్లిన్ సాహసములను పదుమూడు భాగముల చిత్రమే, ఆపదను ఒక భాగమునుండి మఱియొక భాగమునకు మోసికొనిపోవు పద్ధతిని స్థిరపఱచినది. ఆ నగరమున పత్రికల నడుమ నాడు గొప్ప పోటీ జరుగుచుండెను. చందాదారుల సంఖ్య పెంచుకొనుటకై పన్నిన ఉపాయము ఒక నూతన కళారూపమునకు పురుడు పోసినది. పత్రికా వ్యాపారములో నున్న మేము దీనికి గర్వింపవలెనో సిగ్గుపడవలెనో పాఠకులే చెప్పవలెను.

ఆ కాథ్లిన్ కథ జరుగునది ఎచ్చటనో తెలిసికొన్నచో పాఠకులకు ఆశ్చర్యము కలుగును. అది మన హిందూదేశముననే జరుగును! అయితే ఆ దేశము ఏ పటమునందును లేదు. అల్లాహా యను పేరుగల రాజ్యమట. ఒక తెల్లదొరసాని తన తండ్రిని వెదకుచు వచ్చి, అచ్చట బలవంతముగా రాణిగా చేయబడునట. ఏనుగులు, సింహములు, పులులు వీధివీధినుండి మీద బడునట. ఆ మృగములన్నియు సెలిగ్ గారి సొంత జంతుశాలలోనివి. మొదటి కొండకొమ్మునకు మన దేశమునే కొండగా వాడుకొనిరన్నమాట. ఈ సంగతికి మరల వత్తము.

1914లో ప్యాథే కంపెనీవారు హెర్స్టు పత్రికలతో కలిసి పౌలీన్ యాపదలను ఇరువది భాగముల చిత్రమును విడుదల చేసిరి. పెర్ల్ వైట్ అను నటి దీనివలన లోకవిఖ్యాతిని పొందెను. ధనవంతుని పెంపుడు కుమార్తెయైన నాయిక, పెండ్లికి ముందు కొంతకాలము లోకము చూచి, సాహసములు చేసి, గ్రంథములు వ్రాయగోరును. ఆమె ధనము కాజేయదలచిన కార్యదర్శి ప్రతి సాహసమును మృత్యువుగా మార్చ జూచును. న్యూజెర్సీ తీరమున హడ్సన్ నది కొండచఱియల ప్రాంతమున వీటిని తీసిరి. విచిత్రమేమన, జనులు ధారావాహిక చిత్రమనగనే తలచుకొను ఈ చిత్రమున భాగములు పెక్కు తమలో తామే ముగియును. కొండకొమ్మున నిలిచిపోవునవి కొలదియే. కీర్తి యొకరిది, పద్ధతి మఱియొకరిది యగుట చరిత్రలో క్రొత్త కాదు.

ఈ చిత్రములకు తొలినాళ్లలో నాయకులు లేరు, నాయికలే కలరు. ఇది గమనింపదగిన విషయము. అమెరికా రాజ్యాంగమున స్త్రీలకు వోటుహక్కు స్థిరపడినది 1920లో. అంతకు ముందే తెరమీది స్త్రీ రైలు పెట్టెలమీద పరుగెత్తెను, మోటారు నడపెను, బెలూనులో నెగిరెను, దొంగలను కట్టి తెచ్చెను. కేలెమ్ కంపెనీవారు 1914 మొదలు 1917 వఱకు వారమువారమును వెలువరించిన హెలెన్ సాహసములు మొత్తము 119. అందు మొదట హెలెన్ హోమ్స్, పిదప హెలెన్ గిబ్సన్ నటించిరి. రైల్వేతంతి నడపు యువతి కదలుచున్న బండ్లమీద చేయు విన్యాసములే ఆ కథలు. పెర్ల్ వైట్ చిత్రీకరణమున వెన్నెముకకు తగిలిన దెబ్బతో జీవితాంతము బాధపడి, 1938లో మరణించెను. తెరమీద ఆపద నటనయే గాని, తెర వెనుక ఆపద నటన కాదు.

ఫ్రాన్సున ఈ విద్య మఱియొక రంగు తేలినది. లూయీ ఫెయ్యాద్ అను దర్శకుడు 1915, 1916లలో, యుద్ధము జరుగుచున్న కాలముననే, ప్యారిస్ వీథులలో వ్యాంపైర్లు అను దొంగల ముఠా కథను పది భాగములుగా తీసెను. నల్లని బిగుతు దుస్తులతో ఇంటికప్పులమీద సంచరించు దొంగసానిగా మ్యూసిడోరా యను నటి ప్రసిద్ధి గాంచెను. నేరములను అందముగా చూపుచున్నాడని అచ్చటి పోలీసు అధిపతి కొన్ని భాగములను కొంతకాలము నిషేధించెను. నాడు పండితులు ఈసడించిన ఆ చిత్రములనే కొలది కాలమునకు ఆంద్రే బ్రెటన్, లూయీ అరగాన్ వంటి క్రొత్త కవులు నెత్తిన బెట్టుకొనిరి. పామరులకు ముందుగా తెలిసిన రుచి పండితులకు ఆలస్యముగా తెలియుట ఇదియే మొదటిసారి కాదు, కడసారియు కాదు.

ఈ సరకు మన తీరమునకును చేరినది. మచిలీపట్టణమున జన్మించి, మదరాసులో ఛాయాగ్రాహకుడుగా నుండి, సినిమా ప్రదర్శనమునకు దిగిన రఘుపతి వెంకయ్య నాయుడుగారు మౌంటురోడ్డున గెయిటీ హాలును, తరువాత క్రౌను, గ్లోబు హాళ్లను కట్టించిరి. తెలుగు సినిమాకు పితామహుడని నేడు మనము గౌరవించు ఆయన హాళ్లలో ఆడినవి పురాణ చిత్రములు మాత్రమే కావు. మిలియన్ డాలర్ల మిస్టరీ, విఱిగిన నాణెము, మైరా రహస్యములు మొదలగు అమెరికా ధారావాహిక చిత్రములు అచ్చట జనులను క్రిక్కిఱియించినవి. మిలియన్ డాలర్ల మిస్టరీకి కడపటి భాగము ఎట్లుండవలెనో సూచించినవారికి అమెరికాలో 10,000 డాలర్లు బహుమానముగా ప్రకటించిరి. విఱిగిన నాణెమున నటించిన ఎడ్డీ పోలో పేరు మన పట్టణములలోని నేల తరగతివారికి సుపరిచితమయ్యెను. ఇంగ్లీషు రానివారికి ఆ చిత్రములు ఏ యాటంకమును కలిగింపలేదు. అవి మూగచిత్రములు, ఆపదకు భాష యక్కఱలేదు.

దొరతనమువారికి మాత్రము ఇది సుఖమైన వార్త కాలేదు. నాడు మన దేశమున ఆడు చిత్రములలో అత్యధికము అమెరికావే. అందు తెల్లజాతి స్త్రీలు పరుగులిడుట, దెబ్బలాడుట, దొంగల చేత చిక్కుట చూచినచో, ఏలికల యెడ ప్రజలకున్న భయభక్తులు తఱుగునని అధికారులు కలత చెందిరి. 1927లో మదరాసు ప్రముఖులు దివాన్ బహదూరు టి. రంగాచారియారుగారి యధ్యక్షతను ఒక విచారణ సంఘమును నియమించిరి. 1928లో ఆ సంఘము తన నివేదిక నొసగెను. సామ్రాజ్య చిత్రములకు ప్రత్యేక రక్షణ కావలెనను వాదమును అది త్రోసివేసి, దేశీయ పరిశ్రమకే చేయూత నీయవలెనని సూచించెను. తమకు నచ్చిన తీర్పు రానందున కాబోలు, దొరతనమువారు ఆ సూచనలలో చాలవఱకు అటకెక్కించిరి. ఒక బాలిక రైలుమీద పరుగెత్తినంత మాత్రమున కదలు ప్రతిష్ఠ ఎంతటి ప్రతిష్ఠయో పాఠకులే యూహింపగలరు.

ఈ బీజము బొంబాయిలో మొలకెత్తినది. వాడియా సోదరులు 1935లో హంటర్‌వాలీ యను చిత్రమును తీసి, ఆస్ట్రేలియాలో జన్మించిన మేరీ ఎవాన్సును నాడియా యను పేరున కొరడా చేత బట్టిన వీరనారిగా చూపిరి. అది వారముల చిత్రము కాదు; ఏక చిత్రమే. అయినను పెర్ల్ వైట్ మార్గమునే అది నడచినదనుట స్పష్టము. కథలో ఆమె అన్యాయమును ఎదిరించు రాజకుమారి. తెరమీది దుర్మార్గుడైన మంత్రిని కొట్టుచుండగా ప్రేక్షకులు చప్పట్లు చఱచినప్పుడు, వారి మనసున నున్నది ఏ మంత్రియో, ఏ దొరతనమో వేఱుగా చెప్పనక్కఱలేదు.

మాటలు వచ్చిన పిదప అమెరికాలో ఈ వృత్తి మూడు కంపెనీల పాలబడినది: యూనివర్సల్, కొలంబియా, 1935లో ఏర్పడిన రిపబ్లిక్. పండ్రెండు మొదలు పదునైదు భాగములు. ఒక్కొక్కటి సుమారు ఇరువది నిమిషములు. శనివారము మధ్యాహ్నము పిల్లలకు ప్రదర్శనము. 1936లో వచ్చిన ఫ్లాష్ గార్డన్, పదుమూడు భాగములలో, బస్టర్ క్రాబును గ్రహాంతరములకు పంపినది. పాత చిత్రములకై కట్టిన అమరికలను, సంగీతమును అందు మరల వాడుకొనిరి. రిపబ్లిక్ కంపెనీలో విలియం విట్నీ, జాన్ ఇంగ్లిష్ అను ఇరువురు దర్శకులు దినము విడిచి దినము పని చేయుచు, ఒకరు చిత్రీకరించుచుండగా మఱియొకరు మఱునాటికి సిద్ధపడుచుండెడివారు. లైడెకర్ సోదరులు చిన్న చిన్న నమూనాలను కట్టి పేల్చి, పెద్ద కట్టడములే కూలినట్లు చూపిరి. 1941లో వచ్చిన కెప్టెన్ మార్వెల్ యందు వీరుడు ఆకాశమున నెగురుట ఎట్లన, మనుష్య ప్రమాణమును మించిన బొమ్మను తీగలమీద జాఱవిడిచిరి. నేలనుండి లేచునప్పుడును దిగునప్పుడును డేవ్ షార్ప్ అను సాహస నటుడు దూకెను. స్వల్ప ద్రవ్యముతో, స్వల్ప కాలమున, చేతిపనితనముతో సాధించిన ఈ విద్యను చూచి, నేటి యంత్రగణకముల మాయలకు కోట్లు వెచ్చించువారు కొంత నేర్చుకొనదగును.

ఇక ముడి యెట్లు వేయుదురో, ఎట్లు విప్పుదురో చూతము. భాగాంతమున నాయకుని మోటారు కొండమీదినుండి అగాధమున పడి మంటలలో మునుగును. వారము గడచును. తరువాతి భాగము కొంత వెనుకనుండి మొదలగును. ఇప్పుడు మోటారు పడుటకు క్షణము ముందు నాయకుడు తలుపు తెఱచుకొని దూకుట కనబడును. గతవారము ఆ దూకుటను మనకు చూపలేదు! చూపినదంతయు సత్యమే, చూపవలసినదానిని దాచిరి. ధర్మరాజు ద్రోణునితో పలికిన మాట ఇట్టిదే. ఏనుగు సంగతి మెల్లగా చెప్పి, అశ్వత్థామ సంగతి గట్టిగా చెప్పెను. అంతవఱకు నేలను తాకక నడచిన రథము ఆనాటినుండి నేలకు దిగినదందురు. కొందఱు నిర్మాతలు ఇంకను దిగజారి, దాచుటతో తృప్తిపడక, గతవారము చూపినదానికి విరుద్ధముగానే చూపిరి.

ఈ మోసమును పిల్లలు గుర్తింపలేదనుకొనుట పొరపాటు. స్టీఫెన్ కింగ్ 1987లో వ్రాసిన మిజరీ యను నవలలో ఒక స్త్రీ తన బాల్యమున చూచిన రాకెట్‌మాన్ చిత్రమును తలచుకొని మండిపడును. మోటారు పడిపోవునప్పుడు అందు అతడున్నాడు. తరువాతి వారము లేడు. ఇది అన్యాయమని ఆమె కేకలు వేయును. నవలలో ఆమె ఉన్మాదినియే కావచ్చును. కాని ఆ యొక్క విషయమున ఆమె పలికినది ధర్మము. కథలో అసంభవము ఉండవచ్చును, అబద్ధము ఉండరాదు. ఏనుగులు ఎగిరినను శ్రోత యొప్పుకొనును. నిన్న ఎగిరిన ఏనుగు నేడు ఎగురలేదనినచో ఒప్పుకొనడు.

అట్లయిన ఈ చిత్రములయెడ జనులకు అంతటి యాకర్షణ యేల కలిగినది? మూడు కారణములు మాకు తోచుచున్నవి. మొదటిది: నాయకుడు చావడని ప్రతి బాలునకును తెలియును. ఇంకను పది భాగములున్నవని గోడమీది ప్రకటనయే చెప్పుచున్నది. కాబట్టి ప్రశ్న బ్రతుకునా, చచ్చునా యనునది కాదు, ఎట్లు బ్రతుకుననునది. ఇది భయము కాదు, బుద్ధికి పెట్టిన లెక్క. రెండవది: ఆ లెక్కను చేయుటకు ఏడు దినముల గడువు కలదు. హాలు విడిచిన పిల్లలు బడిలో, వీధిలో, నూతికడ తమ తమ యుపాయములు చెప్పుకొందురు. చిత్రము ఇరువది నిమిషములే. దానిని గూర్చిన సంభాషణము వారమంతయు. మూడవది: అంతము నిశ్చయము. పదునైదవ వారమున ముసుగు తొలగును, దుష్టుడు శిక్షింపబడును, ఋణము తీఱును. శ్రోత యిచ్చిన ఓర్పునకు కథకుడు ఈయవలసిన ప్రతిఫలము ఇదియే. మేము ఒడంబడిక యన్నదియు ఇదియే.

ఈ గుణములను చెప్పి దోషమును దాచుట మాకు తగదు. ఈ చిత్రములకు ప్రతివారమును ఒక దుష్టుడు కావలసివచ్చెను. ఆ దుష్టుని వెదకుట శ్రమ యనిపించినప్పుడెల్ల, నిర్మాతలు ఒక జాతినే దుష్టజాతిగా వాడుకొనిరి. చీనావాడైన ఫూ మాంచూ, 1940లో అతని పేరిట పదునైదు భాగములు. గ్రహాంతరవాసి యయ్యును తూర్పుదేశపు వేషము తాల్చిన మింగ్ చక్రవర్తి. 1943 నాటి బ్యాట్‌మ్యాన్ యందలి జపాను డాక్టరు డాకా. ఆ కడపటి చిత్రమున జపాను సంతతివారిని శిబిరములలో నిర్బంధించుటను శ్లాఘించు మాటలు సైతము కలవు. కాథ్లిన్ కాలపు అల్లాహా రాజ్యము ఈ త్రోవకు మొదటి మైలురాయి. తమ పిల్లలను ఇరువది నిమిషములు అదరగొట్టుటకు ఇతర జాతులను రాక్షసులుగా చిత్రించిరి. ఆ పిల్లలు పెద్దవారై మంత్రులును సేనాధిపతులును అయినప్పుడు ఆ బొమ్మలు వారి మనసులనుండి తొలగినవని ఎవరు చెప్పగలరు? ఇట్టి చిత్రములను నేడు చూచువారు దీనిని గుర్తించియే చూడవలెను. దోషమున్నదని తగులబెట్టుటయు తగదు. గుణమున్నదని దోషమును మఱచుటయు తగదు.

1948లో అమెరికా అత్యున్నత న్యాయస్థానము పెద్ద కంపెనీలకు హాళ్లమీద నున్న పట్టును సడలించెను. ఖర్చులు పెరిగినవి. టెలివిజన్ ఇంటింటికిని వచ్చి, శనివారపు పిల్లలను ఇంటనే కూర్చుండబెట్టినది. పాత చిత్రములలోని తునకలనే అతికి క్రొత్త చిత్రములనిరి. పిల్లలు అదియును పోల్చుకొనిరి. యూనివర్సల్ వారు 1946లోను, రిపబ్లిక్ వారు 1955లోను ఈ పని చాలించిరి. 1956లో కొలంబియావారు వెలువరించిన చిత్రముతో ఈ వృత్తి ముగిసినది.

రూపము పోయినను విద్య పోలేదు. ఫ్లాష్ గార్డన్ హక్కులు దొరకకపోగా జార్జి లూకాస్ తన సొంత కథ నల్లుకొని 1977లో స్టార్ వార్స్ తీసెను. దాని యారంభమున తెరమీద పైకి ప్రాకు అక్షరములు ఆ పాత చిత్రముల యానవాలే. మన తెలుగునాటనే దీనికి గొప్ప సాక్ష్యము కలదు. 2015 జూలైలో రాజమౌళిగారి బాహుబలి మొదటి భాగము, నమ్మిన బంటగు కట్టప్ప తన ప్రభువును వెన్నుపోటు పొడిచినట్లు చూపి ముగిసెను. ఏల పొడిచెనను ప్రశ్న 2017 ఏప్రిలువఱకు, సుమారు రెండేండ్లు, దేశమంతట తిరిగినది. తెలుగు రానివారును ఆ ప్రశ్న నడిగిరి. శుకసప్తతి చిలుక ఇంకను బ్రతికియున్నదనుటకు వేఱు నిదర్శనమేల? మఱియు ఆ ప్రశ్నకు ప్రత్యుత్తరము దొరకినది, ఒడంబడిక నెఱవేఱినది.

కాని మన యిండ్లలో నిత్యము జరుగుచున్న దేమి? టెలివిజన్ ధారావాహికలలో వేయి భాగములు దాటినవి తెలుగుననే కలవు. వాటికి ఆది కలదు గాని అంతము లేదు. ప్రకటనల రాబడి యున్నంతకాలము కథ సాగును. రాబడి తగ్గిననాడు తెగును. చెప్పవలసిన మాట చెప్పక, తలుపు తెఱవక, ఉత్తరము చదువక వారములు గడుపుదురు. అచ్చట నాయిక వ్రేలాడునది కొండకొమ్మున కాదు, ప్రకటనల కొమ్మున. మఱియొక వంక, క్రొత్తగా వచ్చిన అంతర్జాల ప్రసారములలో నిరీక్షణమే లేదు. ఒక భాగము ముగిసిన కొలది క్షణములకే మనము కోరకున్నను రెండవది మొదలగును. ముడి వేసిన క్షణముననే విప్పినచో ఆలోచించుట కెడమేది? ముచ్చటించుట కెవరున్నారు? మొదటిది అంతము నిచ్చు బాధ్యతను ఎగవేయుచున్నది. రెండవది గడువు నిచ్చు మర్యాదను ఎగవేయుచున్నది. పాత చిత్రములు, ఎంత చవుకవైనను, ఈ రెండును ఇచ్చినవి.

వ్యాపారమునకు ధర్మోపదేశము చేసి ప్రయోజనమేమని కొందఱందురు. ధారావాహిక చిత్రములును వ్యాపారములే. అవి లాభముకొఱకే పుట్టినవి, నష్టము వచ్చిననాడు పోయినవి. అయినను, ఇన్ని భాగములని ముందుగా ప్రకటించి, ఆ సంఖ్యకు కట్టుబడుట వాటికి సాధ్యమైనది. నేటి టెలివిజన్ సంస్థలకు అది యేల సాధ్యము కాదు? మొదటి దినముననే భాగముల సంఖ్యను ప్రకటింపవలెనని ప్రేక్షకులు అడుగవలెను. మా యింటిలో ప్రతిదినము అరగంట పుచ్చుకొనువాడు ఎన్నినాళ్లు పుచ్చుకొనునో చెప్పవలెనని కోరుట అన్యాయము కాదు. కౌలునకు గడువుండును, అప్పునకు గడువుండును. కథకు మాత్రమేల ఉండరాదు?

ఇంకొక సంగతి చెప్పి ముగింతుము. పాత ధారావాహిక చిత్రములు పెక్కు నశించినవి. గెయిటీ హాలున ఆడిన మిలియన్ డాలర్ల మిస్టరీ నేడు లభ్యము కాదు. కాథ్లిన్ సాహసములలో మిగిలినది స్వల్పము. పౌలీన్ కథకు ఇరువది భాగముల మూలము పోయి, ఐరోపా ప్రదర్శనమునకై కుదించిన తొమ్మిది భాగములే మిగిలినవి. వాటి వ్రాతలు ఫ్రెంచినుండి మరల ఇంగ్లీషులోనికి తప్పులతో వచ్చినవి. ఆ కాలపు ఫిలిము త్వరగా అంటుకొనునది, త్వరగా క్రుళ్లునది. అందలి వెండికై కరగించినవారును కలరు. మన దేశపు మూగచిత్రములు వేయికి పైగా తీయబడగా, మిగిలినవి సుమారు ముప్పది; అందును పెక్కు తునకలే. 1964లో పుణె నగరమున జాతీయ ఫిలిము భాండాగారము ఏర్పడునాటికే ఆలస్యమైపోయినది.

కాని సర్వమును పోలేదని మా నమ్మకము. మన పాఠకులలో తాతలనాడు పట్టణములలో సినిమాహాళ్లు కట్టించిన కుటుంబములవారు కలరు. వారి మేడ గదులలో, ధాన్యపు కొట్లలో, త్రుప్పుపట్టిన రేకు డబ్బాలు, రంగు వెలసిన గోడ ప్రకటనలు, కరపత్రములు, టిక్కెట్టు లెక్కల చిట్టాలు నేటికిని పడియుండవచ్చును. వాటిని చెత్తగా దలచి అమ్మివేయుటకు ముందు, ఎఱిగినవారికి చూపుడు; పుణె భాండాగారమునకు గాని, దగ్గఱలోని విశ్వవిద్యాలయమునకు గాని అప్పగింపుడు. డబ్బాలోని ఫిలిమును నిప్పుకును ఎండకును దూరముగా నుంచుడు. స్వయముగా విప్ప ప్రయత్నింపకుడు. ఏ యూరిలో ఏ చిత్రము ఎన్ని వారములాడెనో తెలుపు ఒక చిట్టాపుస్తకము మన సాంఘిక చరిత్రకు ఒక శాసనము వంటిది.

మన పూర్వులు శనివారము సాయంకాలము నేలమీద గూర్చుండి, చూచిన ఆపద గట్టెక్కునో లేదో తెలియక, వారమంతయు వేచియుండిరి. వారి ఓర్పునకు గుర్తుగా మిగిలిన కొలది వస్తువులును ఇప్పుడు కొండకొమ్మునే వ్రేలాడుచున్నవి. ఈ కథకు తరువాయి భాగమును వ్రాయవలసినవారము మనమే. దీనికి వచ్చువారమువఱకు గడువున్నదని ఎవరును తలంపకుందురు గాక.